తిరువూరు బురదలో అరవై దాటిన ఇద్దరం

తిరువూరు ఎందుకు వెళ్ళావని చీరాలలో అడిగినవాళ్ళందరికీ బట్టల పని మీదనని చెప్పాను. తిరిగొచ్చాక నా మోచేతి మీద దోక్కుపోయిన చర్మం చూసి ఒక్కరూ నమ్మలేదు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తిరువూరు చూడనివాళ్ళకి ఊరు తెలుస్తుంది, నన్ను రోజూ చూసేవాళ్ళకి నా సంగతి తెలుస్తుంది.

నాకు అరవై రెండేళ్ళు. మూడు తరాలుగా మాది చీరల కొట్టు. నలభై ఏళ్ళు పరుపు మీద బాసింపట్టు వేసుక్కూర్చుని "మీరే చెప్పండమ్మా, మీ నోటితో ఒక ధర చెప్పండి" అంటూ బతికినవాణ్ణి. ఐదేళ్ళ కిందట షుగరొచ్చింది. డాక్టరు నడవమన్నాడు. నడిస్తే మా వీధిలో ప్రతి అరుగూ పిలిచి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేది. అందుకని సైకిలు కొన్నాను. లావుపాటి టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు, కొండలెక్కే సైకిలు. బెంగుళూరు వెళ్ళిపోతున్న ఒక కుర్రాడి దగ్గర సగానికి సగం తగ్గించి తీసుకున్నాను. చీరాలలో కొండ లేదు, సముద్రం ఉంది. కానీ కొండలెక్కే సైకిలు సగం ధరకి వస్తుంటే కొండెక్కడుందని ఎవరడుగుతారు?

కొండ లేక, వానాకాలంలో గుంటూరు, బెజవాడ చుట్టుపక్కల జరిగే బురద పోటీలకి వెళ్ళడం మొదలుపెట్టాను. రెండిట్లో చివరివాణ్ణయ్యాను. మూడోదానికి వెళ్తే యాభై ఐదు దాటినవాళ్ళని తీసుకోవడం లేదన్నారు. ఆ తర్వాత ఎక్కడ అడిగినా అదే మాట. ఇక మిగిలింది తిరువూరు ఒక్కటే. అక్కడి పోటీ నడిపే కిరణ్ అనే అతనికి ఫోన్ చేశాను.

"అరవై పైబడినవాళ్ళ విభాగానికి మీతో కలిపి ఇద్దరే సార్. ముగ్గురన్నా లేకపోతే పెట్టలేం," అన్నాడు.

"రెండుకి ఖాయం చెయ్యి బాబూ."

"ఇద్దరితో పోటీ ఏంటి సార్?"

"పెళ్ళికి మాత్రం ఎంతమంది కావాలయ్యా?"

నవ్వాడు. నవ్వినవాడు సగం దిగొచ్చినట్టే. ఇది నేను కొట్లో నేర్చుకున్న విద్య. కానీ అతను నవ్వాక ఒక షరతు పెట్టాడు. "సరే సార్, ఇద్దరే. కానీ ఇద్దరూ మూడున్నర గంటల్లోపు గీత దాటాలి. దాటితే వచ్చే ఏడూ మీ విభాగం ఉంటుంది. ఇద్దరిలో ఏ ఒక్కరు దాటకపోయినా మేము కూడా యాభై ఐదు దగ్గర గేటు వేసేస్తాం. మీకేమన్నా అయితే మాట పడేది మేమే కదండీ."

ముగ్గుర్ని ఇద్దరికి దించానని మీసం తిప్పుకుని ఫోన్ పెట్టేశాను. సాయంత్రానికి గాని బుర్రకెక్కలేదు, ముక్కూ మొహం తెలియని ఒక ముసలాయన కాళ్ళకి నా కాళ్ళు కట్టేసుకున్నానని.

ఇంత గొడవ దేనికంటారా? వానలో, బురదలో, గుండె చెవుల్లో కొట్టుకుంటున్నప్పుడు నేను ఎవరికీ ఏదీ అమ్మక్కర్లేదు. అరవై ఏళ్ళకి దొరికిన ఆ కాసేపు కూడా పోతే మళ్ళీ పరుపు మీదకే.

రెడ్డిగూడెం: ధర కుదిరింది, ఊరు కుదరలేదు

బెజవాడ దాకా రైలు. అక్కణ్ణించి ఎరువుల బస్తాలు వేసుకుని బయలుదేరుతున్న ఒక మినీ వ్యాన్ దొరికింది. సైకిలు వెనకాల, నేను ముందు. డ్రైవరు ఆరువందలన్నాడు. నేను రెండొందల దగ్గర మొదలుపెట్టి, రెండుసార్లు వెనక్కి తిరిగి వెళ్ళిపోతున్నట్టు నటించి, మూడొందల యాభైకి తెచ్చాను.

మైలవరం దాటేసరికి చినుకులు మొదలయ్యాయి. రోడ్డుకి రెండువైపులా మామిడి తోటలు. కాపు అయిపోయి, ఆకులు కడిగినట్టు మెరుస్తున్నాయి. రెడ్డిగూడెం సెంటర్లో వ్యాన్ ఆగింది. టీ కోసం అనుకున్నాను. డ్రైవరు దిగి నా సైకిలు కిందికి దించేశాడు.

"ఇదేంటి బాబూ, తిరువూరు కదా?"

"తిరువూరైతే ఆరువందలన్నాను బాబాయ్. మీరు మూడొందల యాభైకి దించారు. మూడొందల యాభైకి రెడ్డిగూడెమే వస్తుంది. నా బస్తాలు దిగేది కూడా ఇక్కడే."

నలభై ఏళ్ళ అనుభవం. ధర అడిగాను గాని, ఆ ధరకి ఎంత పొడుగు గుడ్డ వస్తుందో అడగలేదు. మా నాన్న బతికుంటే నన్ను కొట్లోకి రానిచ్చేవాడు కాదు.

బస్సులో సైకిలు ఎక్కించుకోం అన్నారు. ఇక తొక్కడమే గతి. ముప్పై కిలోమీటర్ల పైమాట. ఊరి చివర ఒకావిడ గొడుగు కింద బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది. పొత్తు ఇరవై అంది. పది అన్నాను.

"ఏ ఊరు పెద్దాయనా మీది?"

"చీరాల."

"అక్కడ పదికిస్తారా?"

"అక్కడ అసలు బేరమాడకుండా కొంటే పరువు తక్కువ."

"ఇక్కడ వానలో బొగ్గు రాజేసినావిడతో బేరమాడితే పరువు తక్కువ. ఉప్పూ కారం రాయమంటారా, నిమ్మకాయ కూడానా?"

ఇరవై ఇచ్చి, నిమ్మకాయ కూడా రాయించుకుని తిన్నాను. అంత తీపి పొత్తు ఈ మధ్య తినలేదు. రెండోది కూడా ఇరవైకే కొన్నాను. సాయంత్రానికి తిరువూరు చేరేసరికి కాళ్ళు నావి కావు.

తిరువూరు: గాలి తీసేయమన్న పెద్దమనిషి

మా ఊళ్ళో వాన పడితే ఇసుక గటగటా తాగేస్తుంది. గంట తర్వాత వాన పడిందా అని అడగాల్సి వస్తుంది. తిరువూరు నేల అలా కాదు. ఒక పక్క గులకరాళ్ళు కలిసిన ఎర్ర గరప దిబ్బలు, ఇంకో పక్క నల్లరేగడి. తాగిన వానని దాచుకుని, దారినపోయే ప్రతి చక్రానికీ కాస్త కాస్త అంటిస్తుంది.

శనివారం పొద్దున బస్టాండు దగ్గర హోటల్లో నాలుగిడ్లీలు ముప్పై రూపాయలు. అల్లప్పచ్చడి ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు వేశాడు. మా దగ్గర రెండోసారి అడిగితే గిన్నె వంక చూస్తారు, మూడోసారి మన వంక చూస్తారు. నేను ఐదోసారి వేయించుకుంటుంటే తెల్ల జుట్టు, ఇస్త్రీ చొక్కా, చేతికి కీ ఇచ్చే గడియారంతో ఒకాయన ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"చీరాల రత్నం గారేనా? నేను దావీదు. పెనుగొలను. లెక్కల మాస్టార్ని, రిటైరయ్యాను. మనిద్దరమే కదండీ ముసలి బ్యాచి."

అరవై ఆరేళ్ళట. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, నడుము మాత్రం నాలుగంగుళాలు చిన్న. పోటీ దారి చూపిస్తానని తీసుకెళ్ళారు. మామిడి తోటల్లోంచి ఎర్రదిబ్బ ఎక్కి, దిగి, పెనుగొలను చర్చి పక్కనుంచి, మొక్కజొన్న చేల గట్ల మీదుగా మళ్ళీ తిరువూరు చివరికి. మొత్తం ముప్పై రెండు కిలోమీటర్లు. దిబ్బ మొదట్లో ఆగి నా టైరు బొటనవేలితో నొక్కి చూశారు.

"గాలి ఎక్కువుంది రత్నం గారూ. సగం తీసేయండి. టైరు మెత్తగా ఉంటే తడి నేలని పట్టుకుంటుంది."

"అలాగేనండీ," అన్నాను.

తీయలేదు. ఎదుటి కొట్టువాడు మనకి ఉచితంగా సలహా ఇస్తే దానికి సరిగ్గా ఉల్టా చెయ్యమని నాకు పాలతో పట్టారు. పోటీకి వచ్చినవాడు నా టైర్లో గాలి తీసేయమంటాడా! లాడ్జికి వెళ్ళి ఇంకో పదిసార్లు పంపు కొట్టాను. ఇద్దరం దాటితేనే ఇద్దరికీ లాభం అన్న సంగతి నాకు తెలియక కాదు. నమ్మడం అలవాటు లేక.

పెనుగొలను: మార్తమ్మ గారి పప్పు

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పిలిచారు. నేను మాంసం తిననని ముందే చెప్పాను. నిజం చెప్పాలంటే, మా నాన్న రోజుల్లో మావాళ్ళు చర్చి ఉన్న ఇలాంటి పేటల్లో మంచినీళ్ళు కూడా పుచ్చుకునేవాళ్ళు కాదు. ఆ సంగతి నేను అనలేదు గాని, కంచం ముందు కూర్చున్నప్పుడు నా వీపు కాస్త బిగుసుకున్నట్టుంది. మాస్టారి భార్య మార్తమ్మ గారు అది చూశారు.

"అన్నయ్య గారూ, మీ కోసం కొత్త గిన్నెల్లో వండాననుకునేరు. పాతవే. బాగా తోమాను."

మాస్టారు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయారు. నాకు ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది. "చెల్లెమ్మా, మా ఇంట్లో అంత బాగా తోమరు," అన్నాను. అక్కణ్ణించి వీపు సంగతి మర్చిపోయాను.

ఎండు మామిడి ఒరుగుల పప్పు, దొండకాయ వేపుడు, గడ్డ పెరుగు. ఆవకాయ ముక్క అరచేతిలో సగం ఉంది. మా వైపు ముక్కలు చిన్నవి కొడతారు, జాడీ ఎక్కువ రోజులు వస్తుందని. ఇక్కడ కాయ చెట్టు మీద నుంచి వస్తుంది, కొట్లోంచి కాదు. అందుకని ముక్క మనిషి ఆకలిని బట్టి ఉంటుంది.

"ఈయన రేపు గెలవకపోయినా ఫరవాలేదు," అన్నారు మార్తమ్మ గారు పెరుగు వడ్డిస్తూ. "కానీ గేటు వేసేస్తే మాత్రం నాకే కష్టం. రిటైరయ్యాక ఏడాదిపాటు ఇంట్లో గంట కొట్టాడు. ఏడింటికి టిఫిను గంట, పన్నెండింటికి భోజనం గంట. నేను పిల్లనా? ఆ సైకిలు వచ్చాకే ఈ ఇల్లు ఇల్లయింది."

మాస్టారు తల వంచుకుని పప్పులో నెయ్యి కలుపుకుంటున్నారు. ఆయన కూడా ఏదో పరుపు మీద నుంచి లేచొచ్చినవాడేనని అప్పుడు అర్థమైంది.

ఎర్రదిబ్బ: ఐదు రూపాయల సలహా

ఆదివారం ఆరున్నరకి విజిల్ వేశారు. నలభై మంది. అంతా నా కొడుకుల వయసు వాళ్ళు, కొందరు ఇంకా చిన్నవాళ్ళు. పది గంటల్లోపు మేమిద్దరం తిరిగి రావాలి. సన్నగా వాన. నేను పసుపుపచ్చ రెయిన్‌కోటు వేసుకున్నాను. మా ఆవిడ షోరూములో కొన్నది. చీటీ మీదున్న ధర ఉన్నట్టే ఇచ్చి కొన్న వస్తువు మా ఇంట్లో అదొక్కటే.

మామిడి తోటల్లో బాగానే వెళ్ళాను. మాస్టారు నా వెనకే. ఎర్రదిబ్బ మొదలయింది. రాయిలాంటి నా టైరు తడి గరప మీద సబ్బుబిళ్ళలా జారింది. పడ్డాను. లేచాను. నాలుగడుగులు తొక్కాను, మళ్ళీ పడ్డాను. ఈసారి మోచెయ్యి దోక్కుపోయింది. మూడోసారి పడినప్పుడు మాస్టారు నన్ను దాటుకుని, మెత్తటి టైర్లతో నేలని కరుచుకుంటూ పైకి వెళ్ళిపోయారు. నేను సైకిలు నెట్టుకుంటూ వెళ్తుంటే పదిహేను నిమిషాలు అక్కడే పోయాయి.

దిబ్బ మీద మాస్టారు ఆగి ఉన్నారు. గడియారం చూసుకుంటూ.

"గాలి తీయలేదు కదూ?"

నేను తల వంచి టైరు మీద బురద తుడిచాను.

"ఉచితంగా చెప్పాను, అదీ నా తప్పు. ఇప్పుడు అమ్ముతున్నాను. దిబ్బ దిగడానికి సలహా పది రూపాయలు. కొంటారా?"

"ఐదు," అన్నాను. వాన ముక్కు మీంచి కారుతోంది, కాలం పోతోంది, మోచేతి నుంచి రక్తం. అయినా నా నోరు ఐదు అంది.

"ఇచ్చాను. గాలి తీయండి."

తీశాను. ఇద్దరం నవ్వుకుంటూ దిగాం. దిగుతున్నప్పుడు టైరు నేలని పట్టుకున్న తీరు ఇప్పటికీ నా అరచేతుల్లో ఉంది. ఒక్కసారి కూడా జారలేదు.

పెనుగొలను చర్చి ఆవరణలో ఆడవాళ్ళు బల్ల వేసి రాగిజావ పోస్తున్నారు. ఆదివారం పోటీ ఏమిటని పాస్టరు గారు మొదట ఒప్పుకోలేదట. మాస్టారు వెళ్ళి, ఆరాధన పదింటికి కదా, దారినపోయేవాళ్ళకి దాహం తీర్చడం అంతకుముందు చేసుకోవచ్చన్నారట. మార్తమ్మ గారు గ్లాసు చేతిలో పెట్టారు. "నిలబడి తాగండి, కూర్చుంటే లేవరు," అన్నారు. మా కొట్లో గిరాకీ లేచి వెళ్ళకూడదని కూల్‌డ్రింకు ఇస్తాం. ఇక్కడ త్వరగా వెళ్ళాలని జావ ఇచ్చారు. నేను రెండు గ్లాసులు తాగాను.

మేకలు తిన్న గుర్తులు

ఊరు దాటాక తాడిచెట్ల దగ్గర దారి రెండుగా చీలింది. ఏ వైపు వెళ్ళాలో చెప్పే ఎర్ర రిబ్బను లేదు. పక్కనే మేకల మంద. ఒక మేక నోట్లోంచి ఎర్ర కొస ఇంకా వేలాడుతోంది. బురదలో తొమ్మిది పది సైకిళ్ళ చారలు ఎడమకి వెళ్ళాయి, మిగతావి కుడికి.

"ఎడమకి వెళ్దాం, చారలు తాజాగా ఉన్నాయి," అన్నాను. జనం ఏ కొట్టు ముందుంటే ఆ కొట్లో సరుకు బాగుంటుందన్నది మా లెక్క.

"ఎడమకి వెళ్తే వినగడప రోడ్డు. పోటీ దారి కుడికి. క్లాసులో పదిమంది ఒకే తప్పు రాసినా జవాబు మారదండీ," అన్నారు మాస్టారు. అని కుడికి తిప్పారు. ఈసారి ఉచితంగానే నమ్మాను.

అప్పటికి తొమ్మిదింబావు. ఆరు కిలోమీటర్లుంది. వేగంగా తొక్కితే చేరతాం.

చీరల కంచె

మొక్కజొన్న చేల గట్ల మీదకి వచ్చాం. అడవిపందులు రాకుండా ఇక్కడ చేల చుట్టూ పాత చీరలు కడతారు. కర్రకీ కర్రకీ మధ్య బారుగా, చేను పొడుగునా. నా లాంటివాడికి అది కంచెలా కాదు, మా కొట్టు తెరిచిపెట్టినట్టుంది. ఇది పదేళ్ళ కిందటి షిఫాను, ఇది పెళ్ళిలో పెట్టుబడి చీర, అదిగో ఆ అంచు మా వైపు నేతే అని మనసులో చదువుకుంటూ తొక్కుతున్నాను.

వెనక టక్కుమని చప్పుడైంది. మాస్టారి సైకిలు గొలుసు తెగి బురదలో పడింది.

గొలుసు అతికించే పనిముట్టు ఆయన దగ్గర లేదు. నా పెట్టెలో ఉండాలి. ఉండదు. పనిముట్ల పెట్టె కొన్నప్పుడు ధర తగ్గించమని పట్టుబడితే, కొట్టువాడు దాన్ని తీసేసి తగ్గించాడు. ఆ తీసేయించిన మహానుభావుణ్ణి నేనే.

"మీరు వెళ్ళండి," అన్నారు మాస్టారు. "ఒకరన్నా దాటినట్టుంటుంది."

"ఒకరు దాటితే లెక్కలోకి రాదు కదండీ. ఈ బేరం నేనే ఒప్పుకున్నాను."

ఆయన బురదలో కూర్చుని గొలుసు రెండు కొసలూ పట్టుకుని చూస్తున్నారు. ఏదో లెక్క తెగక ఆగిపోయినట్టు. ఆ మొహం చూడలేక పక్కకి తిరిగితే కంచెలో ఒక నూలు చీర కనపడింది. ముతక నేత, ఆకుపచ్చ, నాని ముద్దయింది. నేతగాళ్ళ మధ్య పెరిగినవాణ్ణి. మెరుపు చీరలు లాగితే సాగుతాయి, జారతాయి. నూలు తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. దాన్ని పేని నా సీటు కిందా, ఆయన హ్యాండిలుకీ కడితే ఆయన్ని లాక్కెళ్ళొచ్చు. పోటీలో ఉన్నవాళ్ళు ఒకరికొకరు సాయం చేసుకోవచ్చు, బయటివాళ్ళు చెయ్యకూడదు. అదీ నిబంధన.

చీర ముడి మీద చెయ్యి వేశానో లేదో మంచె మీద నుంచి కేక.

"ఏయ్, ఎవరయ్యా అది? చీర దొంగ!"

ప్లాస్టిక్ పట్టా కప్పుకుని ఒకావిడ దిగొచ్చింది. తిరపతమ్మ అట, చేను కౌలుకి చేస్తోందట.

"అమ్మా, ఈ చీర నాకు అమ్మండి."

"ఎందుకు, కట్టుకోడానికా?"

"ఆయన్ని లాగడానికి."

ఆవిడ మాస్టార్ని చూసింది. "అయ్యో, పెనుగొలను మాస్టారా! మా పిల్లకి చదువు చెప్పిన ఆయనే! ఏంటండీ బురదలో కూర్చున్నారు?" నా వైపు తిరిగింది. "డబ్బులొద్దు గాని, అది తీస్తే ఆ సందులోంచి పందులొస్తాయి. అవతల చేలో ఇప్పటికే రెండు సాళ్ళు పడగొట్టినయ్యి. సందు మూసి తీసుకుపో. ఏం పెట్టి మూస్తావో నీ ఇష్టం."

ఏముంది నా దగ్గర? రెయిన్‌కోటు విప్పి రెండు కర్రల మధ్యా చేతులు బారజాపినట్టు కట్టాను.

"పసుపు రంగు చూస్తే పందులు భయపడతాయా?" అంది.

"అది వేసుకున్న నన్ను చూసి పొద్దుట్నించీ అందరూ భయపడుతున్నారమ్మా."

ఇచ్చిపుచ్చుకున్నాం కాబట్టి అది సాయం కాదు, వ్యాపారం. నా జీవితంలో ఇంత త్వరగా ముగిసిన బేరమూ లేదు, ఇంత నష్టానికి చేసిన బేరమూ లేదు.

చీర పేని కట్టాం. నేను తొక్కుతుంటే వెనక బరువు ఒక్క లాగు లాగింది. చీర పట్టుకుంది. మాస్టారు తూలకుండా హ్యాండిలు పట్టుకుని "కుడికి గుంట!" "ఎడమకి రాయి!" అని చెబుతున్నారు. బురద ఎక్కువైన చోట ఇద్దరం దిగి నడిచాం, గట్టి నేల రాగానే ఎక్కాం. తొడలు మండుతున్నాయి. ఒక దగ్గర దగ్గొచ్చి ఆగిపోబోతే ఆయన వెనకనుంచి ఎక్కాలు మొదలుపెట్టారు. పదమూడో ఎక్కం. నేను ఒక్కో మెట్టుకీ ఒక్కో తొక్కుడు తొక్కాను. పదమూడో ఎక్కం నాకు చిన్నప్పుడు రాలేదు. ఇప్పుడొచ్చు.

గీత దగ్గర

గీత దాటేసరికి చప్పట్లు. అందరికంటే చివరివాళ్ళం కాబట్టి అందరూ ఉన్నారు. నేను సైకిలు మీద నుంచి దిగలేదు, ఒరిగాను. ఎవరో పట్టుకున్నారు.

కిరణ్ చేతిలో గడియారం ఉంది. మాస్టారు ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పిన బడిలోనే అతను చదివాడట. మా ఇద్దర్నీ చూశాడు, చీర చూశాడు, మాస్టారి బురద మొహం చూశాడు. గొంతు తగ్గించాడు.

"పది కావస్తోంది మాస్టారూ. పదే వేసేస్తాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. మాస్టారు తన చేతి గడియారం మీద బురద తుడుచుకుని చూశారు.

"పదీ రెండు. అలాగే రాయి."

నోరు తెరిచాను. నా దగ్గర మూడు వాదనలు సిద్ధంగా ఉన్నాయి. విజిల్ ఆలస్యంగా వేశారనొచ్చు, రిబ్బను మేక తినడం పోటీ వాళ్ళ తప్పనొచ్చు, రెండు గడియారాలకీ తేడా ఉంటుందనొచ్చు. నేను రెండు నిమిషాలు దించలేనా? కానీ మాస్టారు నా మోచెయ్యి పట్టుకున్నారు, సరిగ్గా దోక్కుపోయిన చోట.

"వద్దు రత్నం గారూ. రెండు నిమిషాలు ఆలస్యమైందని ఎంతమంది పిల్లల్ని గేటు బయట నిలబెట్టానో నాకు తెలుసు. వీణ్ణి కూడా. ఇవాళ నా కోసం గడియారం ఆపమంటే వాళ్ళకేం మొహం చూపించను?"

కిరణ్ తల దించుకుని రాశాడు. అంతే. వచ్చే ఏడు నుంచి యాభై ఐదు దగ్గర గేటు. మాస్టారు వెళ్ళి ఒక రాయి మీద కూర్చుని బూటు విప్పి నీళ్ళు ఒంపుకోవడం మొదలుపెట్టారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. రెండే రెండు నిమిషాలు! మార్తమ్మ గారికి ఏం చెబుతాడు? ఇంట్లో మళ్ళీ గంట కొట్టుకుంటాడా? నేనేం చేస్తాను? ఎవరో టీ ఇస్తే ఆ కోపంలోనే తాగాను.

ఇంతలో కిరణ్ ఫోన్ మోగింది. మళ్ళీ మోగింది. తొమ్మిది మంది ఇంకా రాలేదు. మేము చివరివాళ్ళం అనుకున్నది పొరపాటు. ఆ ఎడమ దారిన వెళ్ళినవాళ్ళు కట్టలేరు వాగు దగ్గర నీళ్ళు చూసి ఆగిపోయి ఫోన్లు చేస్తున్నారు. దాటబోయారేమోనని కిరణ్ మొహం పాలిపోయింది. మాస్టారు ఒంటి బూటుతోనే లేచి ఫోన్ తీసుకుని, వాగులోకి దిగొద్దనీ, వెనక్కి తిరిగి తాడిచెట్ల దాకా రమ్మనీ, మేకల దగ్గర ఇటువైపు తిరగమనీ ఒక్కొక్కరి చేత మళ్ళీ చెప్పించుకున్నారు. గంటకి అందరూ క్షేమంగా వచ్చారు.

కిరణ్ ఊపిరి పీల్చుకుని కూలబడ్డాడు. "నిన్న సాయంత్రం కట్టిన రిబ్బన్లండీ. పొద్దున్నే ఎవరన్నా ఒకసారి దారంతా తొక్కి చూసొచ్చుంటే ఇంత జరిగేది కాదు. ఆ టైముకి ఎవరు లేస్తారు?"

బేరం ఎక్కడ మొదలవుతుందో నా ముక్కుకి వాసన తెలుస్తుంది. టీ గ్లాసు పక్కన పెట్టాను.

"ఆ చూసొచ్చేవాళ్ళకి వయసు పరిమితి ఏమన్నా ఉందా బాబూ?"

కిరణ్ నా వైపు చూశాడు. మాస్టారు కూడా.

"వాళ్ళు పోటీలో లేరు కదండీ," అన్నాడు మెల్లగా. "ఉండదు."

"టైము పరిమితి?"

"వచ్చే ఏడు విజిల్ ఎనిమిదిన్నరకి జరుపుతాను, ఆ లోపు రావాలి. మీరొచ్చి దారి బాగుందంటేనే నేను విజిల్ వేస్తాను."

"అంటే నలభై మందీ మేం తొక్కిన దారిన మా వెనకాల వస్తారు."

"అంతే కదండీ."

"రిబ్బన్లు నేను తెస్తాను. మేకలు తినని గుడ్డ నాకు తెలుసు. మాస్టారూ, ఏమంటారు?"

ఆయన రెండో బూటు తొడుక్కుని లేసు బిగించి కట్టారు. గడియారానికి కీ ఇచ్చారు.

"ఒక గొలుసు పనిముట్టు కొనండి, పూర్తి ధరకి. చీకటి విడుతుండగానే బయలుదేరాలి. ఐదింటికి మా గేటు దగ్గర ఉంటాను."

"ఐదూ పది?"

"ఐదు."

ఒప్పుకున్నాను.